ఏడాది దాటిన బిడ్డకు చనుపాలు: నర్సుల అవగాహననూ వైఖరినీ సరిదిద్దుకునే పద్ధతి

అది టీకాల రోజు. పద్దెనిమిది నెలల బాబుకు తట్టు-రుబెల్లా రెండో మోతాదు వేయించిన తల్లి, ఏడుస్తున్న బిడ్డను ఒళ్ళోకి తీసుకొని పైట చాటున పాలు పట్టింది. అరనిమిషంలో ఏడుపు ఆగింది. హబ్ కట్టర్‌తో సూదిని కత్తిరిస్తున్న సిస్టర్ తలెత్తి చూసి, "ఇంకా పాలు తాగుతున్నడా? ఏడాదిన్నర అయింది గద!" అంది. ఆ మాటలో కోపం లేదు, నవ్వే ఉంది. అయినా ఆ తల్లి పైటను ఇంకొంచెం కిందికి లాక్కొని, బిడ్డ నోట్లోంచి చనుమొన తప్పించి లేచి వెళ్ళిపోయింది.

బిడ్డకు చనుపాలు ఎంతకాలం ఇవ్వాలని అదే సిస్టర్‌ను పరీక్షలో అడిగితే, మొదటి ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే ఇవ్వాలనీ, ఆ తరువాత అదనపు ఆహారంతోపాటు రెండేళ్ళ వరకూ, తల్లీబిడ్డలకు ఇష్టమైతే ఆపైన కూడా కొనసాగించవచ్చనీ తడుముకోకుండా రాస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ చెప్పేదీ, మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పేదీ ఇదే. అంటే ఆమెకు విషయం తెలుసు. తెలిసిన విషయం మనసుకు ఎక్కలేదు, అందుకే నోటికి రాలేదు. హైదరాబాద్‌లో ప్రసూతి వార్డుల్లోనూ, పిల్లల ఓపీల్లోనూ, బస్తీ దవాఖానాల్లోనూ పనిచేసే సిస్టర్ల కోసం, వారికి శిక్షణ ఇచ్చే ఇన్‌ఛార్జుల కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. ఇందులో నేను పట్టుబట్టి చెప్పదలచుకున్నది ఒక్కటే: అవగాహన, వైఖరి రెండూ వేర్వేరు, కాబట్టి వాటిని విడివిడిగా కొలవాలి, విడివిడిగా సరిచేయాలి.

ముందుగా మాట గురించి ఒక మాట. కొన్ని పాఠాల్లో, పోస్టర్లలో దీన్ని "దీర్ఘకాలిక స్తన్యపానం" అంటారు. మన భాషలో "దీర్ఘకాలిక" అన్న విశేషణం తరువాత చెవి సహజంగా "వ్యాధి" అన్న మాట కోసమే ఎదురుచూస్తుంది. "పొడిగించిన" అన్నా అంతే, ఎక్కడో ఒక గడువు ముగిసిపోయిందని అర్థం వస్తుంది. రెండేళ్ళ వరకూ ఇవ్వడమే సిఫార్సు అయినప్పుడు పద్నాలుగో నెలలో పాలివ్వడం పొడిగింపు ఎలా అవుతుంది? మీ వార్డు రిజిస్టర్లోనూ, తరగతిలోనూ "చనుపాలు కొనసాగించడం" అని రాయండి. చిన్న మార్పులాగే కనిపిస్తుంది గాని, శిక్షణ ఇక్కడి నుంచే మొదలవుతుంది.

ముందు కొలవండి

శిక్షణ అనగానే ప్రొజెక్టర్ పెట్టి ప్రయోజనాలు చదివి వినిపించడం అలవాటైపోయింది. దానికి ముందు మీ వార్డు ఎక్కడుందో తెలుసుకోవాలి. అంతర్జాతీయంగా ఈ పనికి 1999లో రూపొందిన అయోవా శిశుపోషణ వైఖరి కొలబద్ద ఉంది. పదిహేడు వాక్యాలుంటాయి, ఒక్కో వాక్యానికి 1 నుంచి 5 వరకు మార్కులు, మొత్తం 17 నుంచి 85 దాకా వస్తుంది. అయితే అది ప్రధానంగా తల్లిపాలా, డబ్బాపాలా అన్న తూకం మీద నిలబడిన సాధనం. ఏడాది దాటిన బిడ్డ విషయంలో మన మనసులో ఏముందో అది పెద్దగా బయటపెట్టదు. అందుకే దానికి తోడు మీరే ఒక కాగితం తయారు చేసుకోవాలి.

ఆ కాగితానికి ఒకవైపు అవగాహన ప్రశ్నలు పెట్టండి. ఒప్పా తప్పా అని అడగవద్దు, సందర్భం ఇచ్చి అడగండి. ఉదాహరణకు, పదమూడు నెలల పాపకు విరేచనాలు అవుతున్నాయి, తల్లి పాలు ఆపాలా అని అడిగింది, మీరేం చెబుతారు? పదహారు నెలల బిడ్డ తల్లికి పన్ను పీకించుకున్నాక అమాక్సిసిలిన్, పారాసెటమాల్ రాశారు, ఆమె పాలివ్వవచ్చా? బిడ్డకు ఏడాది నిండిన తల్లి, పాలిస్తున్నాను గనుక నెల తప్పదని అంటోంది, ఆమెకు ఏం వివరిస్తారు? ఇలాంటివి ఆరేడు చాలు.

రెండోవైపు వైఖరి. ఇక్కడ నేను ఎప్పుడూ అడిగే ప్రశ్న ఒకటుంది: "ఎన్ని నెలల బిడ్డ తల్లి రొమ్ము తాగుతుంటే చూడటానికి మీకు ఎబ్బెట్టుగా అనిపిస్తుంది? అంకె మాత్రమే రాయండి." పేరు రాయించకండి, చేతిరాత గుర్తుపట్టకుండా అందరికీ ఒకే రంగు పెన్ను ఇవ్వండి, మడిచి డబ్బాలో వేయమనండి. ఆ కాగితాలు విప్పి అంకెలన్నీ బోర్డు మీద వరుసగా రాసి, పక్కన 24 అని రాయండి. మీరు ఇంకేమీ మాట్లాడనవసరం లేదు. పరీక్షలో అడిగితే రెండేళ్ళని రాసే చేతులే ఇక్కడ 12 అనో 15 అనో రాసి ఉండటం ఆ గదిలో అందరికీ ఒకేసారి కనిపిస్తుంది. కాసేపు నవ్వులు వస్తాయి, రానివ్వండి. తమను తాము చూసుకొని నవ్వుకున్న వాళ్ళకు పాఠం చెప్పడం తేలిక.

అవగాహనలో పూడ్చాల్సిన గుంటలు

"ఏడాది తరువాత అవి నీళ్ళే, బలం ఉండదు" అన్నది అత్తగారి నోట వినిపించినంత తరచుగా సిస్టర్ల నోటా వినిపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఆరు నుంచి పన్నెండు నెలల మధ్య బిడ్డకు కావలసిన శక్తిలో సగమో అంతకన్నా ఎక్కువో, పన్నెండు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య మూడో వంతు తల్లిపాల నుంచే అందగలదు. విటమిన్ ఎ, కొవ్వు కూడా చెప్పుకోదగినంత అందుతాయి. రోగనిరోధక పదార్థాలు రెండో ఏడాదిలోనూ పాలలో ఉంటాయి. నడక నేర్చి, నేల మీద దొరికిందల్లా నోట్లో పెట్టుకొనే వయసులో ఆ రక్షణ ఎంత అవసరమో పిల్లల వార్డులో పనిచేసిన వారికి వివరించనక్కరలేదు.

తల్లికి కలిగే మేలు సంగతి మనవాళ్ళు తక్కువగా చెబుతారు. ముప్పై దేశాల అధ్యయనాలను కలిపి 2002లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన విశ్లేషణలో, ఒక స్త్రీ తన జీవితంలో పాలిచ్చిన ప్రతి పన్నెండు నెలలకూ రొమ్ము క్యాన్సర్ ముప్పు 4.3 శాతం చొప్పున తగ్గుతున్నట్లు తేలింది. "పాలిచ్చి పాలిచ్చి ఒళ్ళు పీక్కుపోతోంది" అనే పెద్దావిడకు ఈ మాట చెప్పి, కోడలికి కాస్త ఎక్కువ తిండి పెట్టమని కూడా చెప్పాలి. రెండోది చెప్పకుండా మొదటిది చెబితే అది సగం సలహాయే.

జబ్బుల విషయంలో, మందుల విషయంలో మన భయం మరీ ఎక్కువ. నేను నర్సుగా చేరిన కొత్తలో ఒక ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలో ఉండగా, విరేచనాలతో చేరిన పద్నాలుగు నెలల పాప తల్లితో "కడుపు శుభ్రపడేదాకా పాలు ఆపమ్మా" అని నేనే చెప్పాను. తెల్లవారేసరికి పాప నాలుక ఎండిపోయింది, తల్లి రొమ్ములు రాళ్ళలా గట్టిపడి జ్వరం వచ్చింది. విరేచనాల్లో పాలు ఆపకూడదనీ, ఇంకా ఎక్కువసార్లు పట్టాలనీ, దాంతోపాటు ఓఆర్‌ఎస్, పద్నాలుగు రోజులు జింక్ ఇవ్వాలనీ అప్పటికే నేను చదువుకున్నాను. పరీక్షలో రాశాను కూడా. ఆ రాత్రి నా నోట వచ్చింది నేను చదివినది కాదు, మా ఇంట్లో నేను విన్నది.

కాబట్టి ఈ విషయాలను కాగితం మీద రాసి నర్సింగ్ స్టేషన్ గోడకు అంటించండి. పారాసెటమాల్, ఐబుప్రొఫెన్, అమాక్సిసిలిన్ వాడుతున్న తల్లి పాలివ్వవచ్చు. ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్ తీయించుకున్నందుకు పాలు ఆపనక్కరలేదు. మత్తు ఇచ్చి ఆపరేషన్ చేసిన తరువాత, తల్లికి తెలివి బాగా వచ్చి బిడ్డను పట్టుకోగలిగితే పాలివ్వవచ్చు. క్యాన్సర్‌కు ఇచ్చే కీమోథెరపీ, రేడియోధార్మిక అయోడిన్ వంటివి వేరు, అక్కడ తప్పనిసరిగా డాక్టరును అడగాలి. హెచ్‌ఐవీ ఉన్న తల్లుల విషయంలో, వైరస్‌ను అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు క్రమం తప్పకుండా వాడుతూ, వైద్యుల పర్యవేక్షణ ఉన్నచోట రెండేళ్ళ వరకూ పాలివ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో మార్గదర్శకం ఇచ్చింది. ఆ కౌన్సెలింగ్ ఏఆర్‌టీ కేంద్రంలో జరగాలి గాని ఓపీ వరుసలో కాదు.

మళ్ళీ గర్భం సంగతి. పాలివ్వడం వల్ల గర్భం రాకుండా ఉండే రక్షణ మూడు షరతులు కలిస్తేనే పనిచేస్తుంది: బిడ్డకు ఆరు నెలలలోపు ఉండాలి, రాత్రీ పగలూ తల్లిపాలే పట్టాలి, తల్లికి ఇంకా బహిష్టు రాకూడదు. ఏడాది బిడ్డ తల్లికి ఈ లెక్క వర్తించదు. గర్భం రాకుండా ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇచ్చే "అంతర" ఇంజెక్షన్, "ఛాయా" మాత్రలు పాలిచ్చే తల్లికి పనికివస్తాయని చెప్పండి. ఒకవేళ నెల తప్పినా పాలు విషం కావు. గర్భం ఆరోగ్యంగా ఉండి, ముందు నెలలు నిండకుండా కాన్పు అయిన చరిత్రగానీ, రక్తస్రావంగానీ లేకపోతే పాలు కొనసాగించవచ్చు. నెలలు పెరిగేకొద్దీ పాలు తగ్గి రుచి మారుతుంది గనుక చాలామంది పిల్లలు తమంతట తామే మానేస్తారు.

వైఖరి మారేది ఎక్కడ

వైఖరి ఉపన్యాసంతో మారదు. తాను బిడ్డకు ఎంతకాలం పాలిచ్చిందో, ఎందుకు ఆపిందో ప్రతి సిస్టర్‌ మనసులోనూ ఒక కథ ఉంటుంది, ఎదుటి తల్లికి ఆమె ఇచ్చే సలహాలో సగం ఆ కథే మాట్లాడుతుంది. కాంట్రాక్టు ఉద్యోగం, వరుసగా రాత్రి డ్యూటీలు, ఇంట్లో పాప, ఒంట్లో నీరసం. ఇలాంటి పరిస్థితుల్లో ఆరో నెలకే డబ్బాపాలకు మారిన సిస్టర్‌కు, పద్దెనిమిది నెలలుగా పాలిస్తున్న తల్లిని చూస్తే తెలియకుండానే ఎక్కడో గుచ్చుకుంటుంది. దాన్ని తప్పుపట్టవద్దు. పదిమంది సిస్టర్లను గుండ్రంగా కూర్చోబెట్టి, ఇష్టమైన వాళ్ళను తమ కథ చెప్పనివ్వండి. ఒక గంట చాలు. ఆ తరువాత ఒకే ఒక్క నియమం పెట్టండి: నా కథ నాది, ఈ తల్లికి చెప్పేది ఆమెకు కావలసింది.

అక్కడి నుంచి మాటల సాధన మొదలుపెట్టండి. ఇద్దరిద్దరిని నిలబెట్టి ఒకరిని తల్లిగా, ఒకరిని సిస్టర్‌గా చేయించండి. "ఇంకా ఇస్తున్నవా?" అన్న ప్రశ్న స్థానంలో "ఇప్పుడు పాలు ఎట్లా నడుస్తున్నయమ్మా?" అని అడగడం నేర్పండి. మొదటి ప్రశ్నకు తల్లి సంజాయిషీ చెప్పుకుంటుంది, రెండోదానికి సమాచారం చెబుతుంది. మనకు కావలసింది సమాచారం. రోజుకు ఎన్నిసార్లు, రాత్రి ఎన్నిసార్లు, బువ్వ ఏం తింటోంది, తల్లికి ఏమైనా ఇబ్బంది ఉందా అన్నవి ఆ ఒక్క వాక్యం తరువాతే బయటికి వస్తాయి. మాటతోపాటు ముఖం కూడా సాధన చేయించాలి. కనుబొమలు పైకి లేవకుండా అడగగలిగిన వాళ్ళకు మార్కులు వేస్తానని నేను తరగతిలో అంటూంటాను, అందరూ నవ్వుతారు, కానీ అందరూ ప్రయత్నిస్తారు.

అత్తగారు పక్కనే ఉంటే కోడలితో మాట్లాడటం సరిపోదు. "పెద్దమ్మా, మీ కాలంల ఎన్నేండ్లు ఇచ్చిన్రు?" అని ఆమెనే అడగండి. రెండేళ్ళూ మూడేళ్ళూ ఇచ్చామని ఆ పెద్దావిడే గర్వంగా చెప్పడం మామూలు, ఆ తరువాత వాదించాల్సిన పనే ఉండదు. పాతబస్తీ తల్లులు ఎక్కువగా వచ్చే పేట్లబుర్జు వంటి ఆసుపత్రుల్లో ఉర్దూ రాని సిస్టర్ కనీసం నాలుగు మాటలైనా నేర్చుకోవాలి. "దూధ్ ఛుడాదో" (పాలు మాన్పించు) అని ఇంట్లో ఒత్తిడి వస్తోందని తల్లి చెప్పినప్పుడు, ఖురాన్ రెండో సూరా 233వ వాక్యంలో తల్లులు పూర్తిగా రెండేళ్ళు పాలివ్వడం గురించి ఉన్న మాటను ఆ ఇంటి పెద్దలకు గౌరవంగా గుర్తుచేయవచ్చు. అదే వాక్యం తల్లిదండ్రులిద్దరూ సంప్రదించుకొని ముందుగా మాన్పించినా తప్పులేదని కూడా అంటుంది కనుక, దాన్ని తల్లిమీద బరువుగా మోపకూడదు.

మాదాపూర్, గచ్చిబౌలి వైపు ప్రైవేటు ఆసుపత్రులకు వచ్చే ఉద్యోగినుల ప్రశ్న వేరుగా ఉంటుంది. ఆఫీసులో పాలు పిండుకోవడం ఇక కుదరదు గనుక ఆపేస్తానంటారు. ఏడాది దాటిన బిడ్డ పగలు ఇంటి తిండి తినగలదు, కాబట్టి ఆఫీసులో పిండుకోవడం తప్పనిసరి కాదనీ, పొద్దున బయల్దేరే ముందు, సాయంత్రం ఇంటికి చేరగానే, రాత్రి పడుకునేటప్పుడు ఇచ్చినా కొనసాగించినట్లేననీ చెబితే చాలామంది ముఖం తేటపడుతుంది. బిడ్డకు పదిహేను నెలలు నిండేవరకు పనివేళల్లో రోజుకు రెండుసార్లు పాలిచ్చే విరామం చట్టంలోనే ఉంది. యాభై, అంతకన్నా ఎక్కువ మంది ఉద్యోగులున్న సంస్థ శిశుసంరక్షణ గది ఏర్పాటు చేయాలన్న నియమం ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో వచ్చింది. ఈ రెండు సంగతులూ డిశ్చార్జి రోజునే తల్లికి చెప్పాలి.

నిజంగా ఆలోచించాల్సిన సందర్భాలు

కొనసాగించమని చెప్పడమంటే అన్నిటికీ తల ఊపడం కాదు. "అన్నం ముట్టడు, రొమ్ము వదలడు" అన్న ఫిర్యాదు చాలాసార్లు నిజమే. ముందు బిడ్డను తూకం వేసి కార్డులోని ఎదుగుదల గీత మీద గుర్తుపెట్టండి, చేతి చుట్టుకొలత తీయండి, కింది కనురెప్ప లోపల పాలిపోయి ఉంటే హిమోగ్లోబిన్ చూడమని డాక్టరుకు చెప్పండి. తల్లిపాలలో ఇనుము తక్కువే, ఆరు నెలలు దాటాక ఆ లోటును తిండితో తీర్చాలి. పప్పన్నంలో పాలకూర, గుడ్డు, మాంసం తినే ఇళ్ళలో కార్జం మెత్తగా చేసి పెట్టడం, అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం వాడటం చెప్పండి. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ పిల్లలకు వారానికి రెండుసార్లు ఒక్కో మిల్లీలీటరు చొప్పున ఇచ్చే ఐరన్ సిరప్ అందుతోందో లేదో అడగండి. పగటిపూట ముందు బువ్వ, తరువాత పాలు అన్న వరుస పెట్టుకుంటే చాలా ఇళ్ళలో సమస్య సర్దుకుంటుంది. పాలు మాన్పించి సీసాతో రోజుకు లీటరు ప్యాకెట్ పాలు పోసే ఇళ్ళూ ఉన్నాయి. అక్కడ బిడ్డకు ఆకలి ఇంకా చచ్చిపోతుంది, రక్తహీనత ఇంకా పెరుగుతుంది, కాబట్టి ఆ మార్గం సూచించకండి.

పళ్ళ విషయంలో నిజాయితీగా ఉండండి. ఏడాది దాటాక రాత్రంతా రొమ్ము నోట్లోనే ఉంటే పుచ్చిపోయే అవకాశం ఉంది. అందుకు విరుగుడు పాలు ఆపడం కాదు. బియ్యపు గింజంత ఫ్లోరైడ్ పేస్టుతో రోజుకు రెండుసార్లు తోమడం, బెల్లం, బిస్కెట్లు తగ్గించడం, రాత్రి బిడ్డ నిద్రలోకి జారగానే చనుమొన తప్పించడం నేర్పాలి.

మార్కెట్ ఒత్తిడి గురించి కూడా సిస్టర్లకు తెలిసి ఉండాలి. 2003లో సవరించిన 1992 నాటి శిశు పాల ప్రత్యామ్నాయాల చట్టం రెండేళ్ళలోపు పిల్లలకు అమ్మే పాలపొడులకూ, శిశు ఆహారాలకూ వర్తిస్తుంది. వాటిని ప్రచారం చేయడమే కాదు, ఆరోగ్య కార్యకర్తలకు కంపెనీలు బహుమతులు ఇవ్వడం, సదస్సులకు డబ్బు పెట్టడం కూడా నిషిద్ధం. నర్సింగ్ స్టేషన్‌లో పాలపొడి కంపెనీ పేరున్న గోడగడియారమో, క్యాలెండరో కనిపిస్తే ఈరోజే తీసేయండి.

మాన్పించాలనుకున్న తల్లికి

కొనసాగించేందుకు తోడ్పడే సిస్టరే మాన్పించేందుకూ తోడ్పడాలి. తల్లి అలసిపోయిందంటే అది చాలిన కారణమే, ఇంకో కారణం అడగవద్దు. వేపాకు నూరి పూయడం, కాకరకాయ రసం రాయడం, బిడ్డను అమ్మమ్మ ఇంటికి పంపి నాలుగు రోజులు కనబడకుండా ఉండటం మన దగ్గర బాగా వాడుకలో ఉన్న పద్ధతులు. ఒక్కసారిగా ఆపితే తల్లికి పాలు గడ్డకట్టి చీము పట్టే ప్రమాదం ఉంది, బిడ్డకు పాలూ తల్లీ ఒకేరోజు దూరమవుతారు. మొదట మధ్యాహ్నం పాలు ఆపి, ఆ సమయంలో పండో, పెసరపప్పు కిచిడీయో పెట్టి, నాలుగైదు రోజులు గడిచాక మరోసారి పాలు ఆపుతూ, నిద్రపోయే ముందు పాలను అన్నిటికన్నా చివర ఆపమని చెప్పండి. బిడ్డకు జ్వరం ఉన్నప్పుడో, ఇల్లు మారుతున్నప్పుడో మొదలుపెట్టవద్దనండి. రొమ్ము బరువెక్కితే హాయిగా అనిపించేటంత వరకే పిండుకోవాలి, పూర్తిగా ఖాళీ చేస్తే మళ్ళీ అంతే పాలు వస్తాయి.

వార్డులో నిలబెట్టడం

ఒకరోజు శిక్షణ రెండు వారాల్లో ఆవిరైపోతుంది గనుక, పనిలోనే గుర్తుచేసే ఏర్పాట్లు కావాలి. తొమ్మిదో నెల టీకా, పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య బూస్టర్ టీకా, విటమిన్ ఎ చుక్కలు, ఆశా కార్యకర్త మూడు, ఆరు, తొమ్మిది, పన్నెండు, పదిహేను నెలల్లో ఇంటికి వచ్చే సందర్శనలు. ఇవన్నీ తల్లిని ఆ ప్రశ్న అడిగే అవకాశాలే. తల్లీబిడ్డల కార్డు మీద ప్రతిసారీ "పాలు: కొనసాగుతున్నాయి / తల్లి ఇష్టంతో ఆపింది / ఇతరుల మాటతో ఆపింది" అని ఒకటి గుర్తించండి. మూడోది ఎక్కువగా కనిపిస్తే, ఆ ఇతరుల్లో మనం ఎంతమందిమో షిఫ్ట్ మారేటప్పుడు మాట్లాడుకోండి. టీకా వేసేటప్పుడు బిడ్డకు పాలు పట్టమని తల్లికి మీరే ముందుగా చెప్పండి. నొప్పి తగ్గించే పద్ధతుల్లో దాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే సూచించింది. దానికి కుర్చీ ఒకటి, చాటుకు తెర ఒకటి టీకాల గదిలో పెట్టించండి, తెర వెనక్కి వెళ్ళమని మాత్రం ఏ తల్లినీ బలవంతం చేయకండి.

ఇక మీ వార్డులోనే పసిబిడ్డ ఉన్న సిస్టర్ ఉంటే, ఆమె రాత్రి డ్యూటీల వరుసను ఇన్‌ఛార్జి సర్దవచ్చు, పాలు పిండుకోవడానికి తలుపు గడియ వేసుకొనే గది చూపించవచ్చు, ఫ్రిజ్‌లో మందులకు దూరంగా ఒక అర కేటాయించవచ్చు. పిండిన పాలు ఇరవై ఐదు డిగ్రీల గదిలో నాలుగు గంటలు నిలుస్తాయి, మన ఏప్రిల్, మే నెలల్లో మాత్రం ఆ భరోసా లేదు, వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాల్సిందే.

ఆరు నెలల తరువాత అదే కాగితం మళ్ళీ ఇవ్వండి, అదే రంగు పెన్నుతో, పేర్లు లేకుండానే. అవగాహన ప్రశ్నల మార్కులు ఎలాగూ పెరుగుతాయి, వాటిని పక్కన పెట్టి ముందుగా రెండోవైపు రాసిన అంకెలు విప్పి చూడండి.